పురుగుల ఆచార్యుడు

(జంతులోకం లెక్క తేలిన కథ: 6వ భాగం)

ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ తల తెగి అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు. సరిహద్దుల్లో యుద్ధం, లోపల తిరుగుబాట్లు, రొట్టెల దుకాణాల ముందు బారులు. అంత గొడవలోనూ విప్లవ చట్టసభ అయిన జాతీయ కన్వెన్షన్ తీరిక చేసుకుని, 1793 జూన్ 10న పారిస్‌లోని ఒక తోట గురించి చట్టం చేసింది. నూటయాభై ఏళ్ళకు పైగా రాజుగారి ఔషధ మొక్కల తోటగా ఉన్న స్థలం ఆ రోజు నుంచి ప్రకృతి చరిత్ర మ్యూజియం అయింది. అందులో 12 ఆచార్య పదవులు. ఎవరికీ ఎవరిపైనా పెత్తనం లేదు. పాఠాలు ఎవరైనా వచ్చి వినవచ్చు.

మొక్కలకు, ఖనిజాలకు, రసాయనానికి తగిన మనుషులు దొరికారు. జంతువుల దగ్గరే చిక్కొచ్చింది. నాలుగు కాళ్ళ జంతువులు, పక్షులు, చేపల పదవిని 21 ఏళ్ళ జాఫ్రువా సెంతిలేర్‌కు ఇచ్చారు. అతను అప్పటిదాకా చదివింది ఖనిజాల గురించి. రెండో పదవి 'కీటకాలు, పురుగులు, సూక్ష్మజంతువుల'ది. దానికోసం ఎవరూ ఎగబడలేదు. తోటలో ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చిన్న ఉద్యోగంలో ఉన్న జాన్ బాప్టిస్ట్ లామార్క్‌కు అది దక్కింది. ఆయనది వృక్షశాస్త్రం. ఫ్రాన్స్ మొక్కల మీద 1778లో మూడు సంపుటాల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. గవ్వలూ నత్తగుల్లలూ పోగుచేసే సరదా ఉండేది. పురుగుల గురించి ఆయనకున్న అర్హత అంతే. వయసా, యాభైకి దగ్గర పడుతోంది.

నా దృష్టిలో జంతువుల వర్గీకరణ చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన నియామకం మరొకటి లేదు.

గత భాగంలో స్వీడన్ పండితుడు లిన్నేయస్ తన వర్గీకరణ గ్రంథం 1758 నాటి పదో కూర్పులో జంతువులన్నిటినీ ఆరు తరగతులుగా విడగొట్టిన తీరు చూశాం. క్షీరదాలు, పక్షులు, ఉభయచరాలు, చేపలు, కీటకాలు, పురుగులు. గుండెను, రక్తాన్ని బట్టి ఆయన గీసిన గీతలవి. క్షీరదాలకూ పక్షులకూ వెచ్చని ఎర్రని రక్తం. ఉభయచరాలకూ చేపలకూ చల్లని ఎర్రని రక్తం. చివరి రెండు తరగతులకూ చల్లని తెల్లని ద్రవం. ఆ రెంటిలో ముఖం మీద మీసాల్లాంటి స్పర్శకాలుంటే కీటకం, మెత్తని టెంటకిల్స్ ఉంటే పురుగు. మొదటి నాలుగు తరగతుల మీద ఆయన పెట్టిన శ్రద్ధ ఆరో తరగతికి వచ్చేసరికి సన్నగిల్లింది. ఇంట్లో ఎక్కడా ఇమడని సామానంతా అటకెక్కించినట్టు, మిగిలిన ప్రాణులన్నీ 'పురుగు'ల్లోకి చేరాయి. వానపాము, జలగ, బద్దెపురుగు సరే. నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ జాతి, నక్షత్రచేప, జెల్లీచేప, పగడాలు, స్పంజికలు కూడా పురుగులే. హాగ్‌ఫిష్ అనే, చేపల దగ్గరి చుట్టమైన జంతువును సైతం ఆయన అక్కడే పడేశాడు. కీటకాల తరగతి పరిస్థితీ అంతంతే. ఈగ, సాలీడు, తేలు, పీత, జెర్రి అన్నీ అందులో ఒకటే.

లామార్క్ చేతికి వచ్చింది ఆ రెండు తరగతులు. అంటే భూమ్మీది జంతుజాతుల్లో నూటికి 95కు పైగా.

మరుసటి ఏడాది పాఠాలు మొదలుపెట్టాడు. మ్యూజియంలో ఉన్న నమూనాల్లో ఎక్కువ భాగం పెంకులే. ఐరోపా ధనవంతులకు అప్పట్లో గవ్వల పిచ్చి ఉండేది. రంగుకీ మెరుపుకీ అరుదుదనానికీ ధర కట్టి కొనేవారు. లోపలి జీవిని తీసి పారేసేవారు. ఇల్లు మిగిలింది, ఇల్లుగలవాడు లేడు. పెంకును చూసి వరసలు కలిపితే ఒకే గూట్లో పడాల్సినవి వేరైపోతాయి, వేరుగా ఉండాల్సినవి కలిసిపోతాయి. పెంకు లేని స్లగ్, పెంకు ఉన్న నత్త, పెంకును ఒంట్లోనే దాచుకున్న కటిల్‌ఫిష్ ఒకే వంశమని పైపైన చూస్తే ఎవరికి తడుతుంది?

ఆ లోటు తీర్చినవాడు నార్మండీ తీరం నుంచి వచ్చాడు. జార్జ్ కువియర్ 1769లో, అప్పట్లో వుర్టెంబర్గ్ ప్రభువుల ఏలుబడిలో ఉన్న మోంబెల్యార్‌లో పుట్టాడు. స్టుట్‌గార్ట్‌లో చదివాడు. చేతిలో డబ్బులేక నార్మండీలో ఒక ప్రభు కుటుంబం పిల్లవాడికి చదువు చెప్పే పనికి కుదిరాడు. పారిస్‌లో తలలు తెగుతున్న ఆ ఏళ్ళన్నీ అతను సముద్రపు ఒడ్డున గడిపాడు. వలల్లో పడ్డవి, అలలు విసిరినవి తాజాగా ఉండగానే కోసి చూసి బొమ్మలు గీసుకునేవాడు. అతని ప్రతిభ సంగతి విని పారిస్‌కు పిలిపించినవాళ్ళలో జాఫ్రువా ఒకడు. 1795లో, పాతికేళ్ళ వయసులో కువియర్ వచ్చాడు. వచ్చిన కొద్ది వారాలకే 'పురుగులు' అన్న తరగతి మీద ఒక పత్రం చదివాడు. లిన్నేయస్ రెండు తరగతులను అందులో ఆరుగా విడదీశాడు: మృదుచర్మ ప్రాణులు, పెంకు పీతల జాతి, కీటకాలు, పురుగులు, ముళ్ళచర్మం ప్రాణులు, మొక్కల్లా కనిపించే జంతువులు.

ఆధారం ఏమిటి? కత్తి. స్క్విడ్‌ను కోస్తే ఒకటి కాదు, మూడు గుండెలు కనిపిస్తాయి. రెండు మొప్పల దగ్గర చెరొకటి, ఒంటికంతటికీ రక్తం పంపేది మరొకటి. తలలో పెద్ద మెదడు. మన కంటికి దీటైన కన్ను. ఇలాంటి జంతువును బద్దెపురుగు పక్కన కూర్చోబెట్టడం ఎలా? వానపామును కోస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. దాని రక్తం ఎర్రగా ఉంటుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కాలం నుంచీ ఎర్రరక్తం ఉన్నవి ఒకవైపు, లేనివి మరోవైపు అన్న విభజన నడుస్తోంది. రెండు వేల ఏళ్ళ ఆ గీతను వానపాము చెరిపేసింది.

అప్పుడు లామార్క్ కొత్త గీత గీశాడు. రక్తం రంగు వదిలేసి వెన్నెముకను పట్టుకున్నాడు. అది ఉన్నవి సకశేరుకాలు, లేనివి అకశేరుకాలు. పది దాటిన ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలిసిన ఈ రెండు మాటల వెనక ఉన్నది ఆయనే. అయితే ఆయన గొప్పతనం ఆ గీతలో కన్నా, గీతకు ఇవతల చేసిన పనిలో ఉందని నేననుకుంటాను.

ఏటేటా పాఠాలు చెబుతూ, ఏటేటా గూళ్ళు మార్చుకుంటూ పోయాడు. పీతలూ రొయ్యలూ మొప్పలతో ఊపిరి పీలుస్తాయి, కీటకాలు ఒంట్లో సన్నని గాలిగొట్టాలతో పీలుస్తాయి. అందుకని పీతల జాతిని, అంటే క్రస్టేసియాను, కీటకాల నుంచి వేరుగానే నిలబెట్టాడు. సాలీడుకీ తేలుకీ స్పర్శకాలు లేవు, కాళ్ళు ఎనిమిది, సీతాకోకచిలుకలా గొంగళిపురుగు దశ నుంచి రూపం మార్చుకోవు. వాటికి అరాక్నిడా అనే సొంత గూడు ఇచ్చాడు. ఎర్రరక్తపు వానపామునూ జలగనూ మిగతా పురుగుల్లోంచి పైకి తీసి 1802లో అనెలిడా అన్నాడు. 1801 నాటి పుస్తకంలో అకశేరుకాలకు 7 తరగతులున్నాయి, 1809 నాటికి 10 అయ్యాయి. 1815 నుంచి 1822 వరకు ఏడు సంపుటాల మహాగ్రంథం అచ్చయింది. లిన్నేయస్ రెండు గంపల్లోని సరుకు అంతా అందులో మొదటిసారి దేని వరసలో అది కూర్చుంది.

కువియర్ ఇంకో దారిన నడిచాడు. ఏ అవయవాన్ని పట్టుకుంటే జంతువు అసలు రూపం తెలుస్తుంది అన్నది అతని ప్రశ్న. కాళ్ళు, రెక్కలు, పళ్ళు బతుకుతెరువును బట్టి మారిపోతాయి. తిమింగలం చేపలా ఈదుతుంది, గబ్బిలం పిట్టలా ఎగురుతుంది. జంతువుకు మూలం నరాల వ్యవస్థ అనీ, తక్కినవన్నీ దాన్ని కాపాడటానికీ పోషించడానికీ ఉన్నవేననీ అతను తేల్చాడు. ఆ కొలతతో 1812లో జంతులోకాన్ని నాలుగు శాఖలు చేశాడు. సకశేరుకాల్లో నరాల తాడు వీపున, పేగుకు పైన ఉంటుంది. నత్తల జాతి అయిన మొలస్కాల్లో తాడు ఉండదు, నరాల ముడులు అక్కడక్కడా ఉండి పోగులతో కలుస్తాయి. ఒళ్ళంతా ఖండాలుగా ఉన్న ఆర్టిక్యులేటా జాతిలో, అంటే కీటకాలు, పీతలు, వానపాముల్లో, జంట తాడు పొట్ట వైపున ఉంటుంది. నక్షత్రచేప, జెల్లీచేపల వంటి వాటిలో శరీరం ఒక కేంద్రం చుట్టూ అమరి ఉంటుంది, నరాలు స్పష్టంగా కనపడవు. అది నాలుగో శాఖ, రేడియేటా. 1817 నాటి 'జంతురాజ్యం' గ్రంథం ఈ నాలుగు శాఖల మీదే కట్టిన కట్టడం.

పొట్టన ఉండే నరాల తాడు సంగతి ఎవరైనా వంటింట్లో చూసుకోవచ్చు. రొయ్యలు బాగుచేసేటప్పుడు వీపు మీద గాటు పెట్టి నల్లని దారం ఒకటి లాగి పారేస్తాం. చాలామంది దాన్ని నరం అనుకుంటారు. అది పేగు. నలుపు అందులో ఉన్న మలినానిది. రొయ్య అసలు నరాల తాడు కిందివైపు, కాళ్ళ నడుమ, తెల్లగా సన్నగా ఉంటుంది. వెల్లకిల వేసి పొట్టపెంకు జాగ్రత్తగా ఒలిస్తే కనపడుతుంది. ఒక్కో ఖండంలో ఒక్కో చిన్న ముడి. మనకు వీపున ఉన్నది దానికి పొట్టన, మనకు పొట్టన ఉన్నది దానికి వీపున.

ఈ తలకిందుల అమరికే జాఫ్రువాను పట్టి కుదిపింది. 1822లో అతను ఒక లాబ్‌స్టర్‌ను వెల్లకిల పడుకోబెట్టి చూశాడు. నరాల తాడు పైకి వచ్చింది, దాని కింద పేగు, దాని కింద గుండె. సరిగ్గా మనలాగే. అయితే కువియర్ కట్టిన గోడ ఎక్కడుంది? జంతువులన్నిటికీ మూలనమూనా ఒక్కటే, తిప్పి చూడటం తెలియాలి అన్నాడు జాఫ్రువా. నాలుగు శాఖలు నాలుగు వేర్వేరు నిర్మాణాలు, ఒకదాన్నుంచి ఒకదానికి వంతెన లేదు అన్నాడు కువియర్. లామార్క్ దారి మూడోది. జీవులు కాలక్రమాన మారుతూ వచ్చాయి, కాబట్టి గూళ్ళ మధ్య గీతలు మనం గీసుకున్నవే అన్నది ఆయన మాట. ఒకే తోటలో ముగ్గురు ఆచార్యులు, ముగ్గురికీ జంతులోకం మూడు రకాలుగా కనపడింది.

1830 ఫిబ్రవరి 15న గొడవ రచ్చకెక్కింది. లోరెన్సే, మేరాన్స్ అనే ఇద్దరు యువకులు కటిల్‌ఫిష్ మీద పత్రం రాసి శాస్త్ర అకాడమీకి పంపారు. సకశేరుకాన్ని బొడ్డు దగ్గర వెనక్కి మడిచి, తలా పిరుదులూ ఒకచోటికి తెస్తే కటిల్‌ఫిష్ అమరిక వస్తుందన్నది వాళ్ళ వాదన. జాఫ్రువా దాన్ని మెచ్చుకుంటూ నివేదిక చదివాడు. వారం తిరిగేసరికి కువియర్ రంగురంగుల పటాలతో వచ్చాడు. మడిచిన సకశేరుకం ఒకటి, కటిల్‌ఫిష్ ఒకటి. ఏ అవయవం ఎక్కడ కలవదో ఒక్కొక్కటే చూపించాడు. వాదన వసంతం దాకా సాగింది. పత్రికలు రాశాయి, సభ కిటకిటలాడింది. ఆ ఏడాది జూలైలో పారిస్‌లో మళ్ళీ విప్లవం వచ్చింది. ఆ కబురు జర్మనీకి చేరినప్పుడు ముసలి కవి గోథే ఉద్వేగపడింది విప్లవం గురించి కాదు, ఈ వాదం గురించేనని ఆయన సంభాషణలు రాసిపెట్టిన ఎకర్‌మన్ చెబుతాడు. కటిల్‌ఫిష్ విషయంలో కువియర్‌దే పైచేయి. అందులో సందేహం లేదు. కానీ లాబ్‌స్టర్ విషయంలో? 1990ల్లో జన్యువులు తెరిచి చూసినప్పుడు, ఈగకు పొట్టవైపును నిర్ణయించే జన్యువుకు సాటివచ్చేదే కప్పకు వీపువైపును నిర్ణయిస్తుందని తేలింది. మన వంశంలో ఎప్పుడో శరీరం నిజంగానే తిరగబడింది. జాఫ్రువా వెల్లకిల వేసి చూపింది వృథా పోలేదు.

కువియర్ శాఖలు కూడా నిలిచినంత నిలిచి ఒక్కొక్కటే సడలాయి. ఓడల అడుగునా రాళ్ళకూ అంటుకుని బతికే బార్నకిల్‌కు గట్టి పెంకు ఉంటుంది. అందుకని అతను దాన్ని నత్తల కోవలో వేశాడు. ఐర్లండ్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ సముద్రపు నీటిని సన్నని వలతో వడగట్టి అందులోని పిల్లప్రాణులను పెంచి చూశాడు. ఈదులాడే బుల్లి రొయ్యపిల్లలాంటిది ఒకటి చోటు చూసుకుని అతుక్కుని బార్నకిల్ అయింది. 1830లో ఆ సంగతి అచ్చయ్యాక బార్నకిల్ పీతల వంశానికి వెళ్ళింది. 1848లో జర్మన్ శాస్త్రవేత్త లూకార్ట్ రేడియేటాను చీల్చి జెల్లీచేపలనూ నక్షత్రచేపలనూ వేరుచేశాడు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ, తోలుసంచిలా రాతికి అతుక్కుని ఉండే సీ స్క్వర్ట్ పిల్లదశలో తోకకప్పలా ఈదుతుందనీ, దానికి వీపున నరాల తాడూ దాని కింద మెత్తని దండమూ ఉన్నాయనీ చూపాడు. నత్తల కోవలో లెక్కపెట్టిన ప్రాణి కాస్తా మనకు దగ్గరి బంధువైంది. అదే ఏడాది జర్మన్ శాస్త్రవేత్త హేకెల్, ఇలాంటి పెద్ద శాఖలకు ఫైలం అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు ముప్ఫైకి పైగా ఫైలాలు లెక్కపెడుతున్నాం.

ఆర్టిక్యులేటా అన్నిటికన్నా గట్టిగా నిలిచింది. ఖండాల ఒళ్ళు, పొట్టన తాడు చూస్తే వానపాముకూ రొయ్యకూ చుట్టరికం లేదని ఎవరంటారు? 1997లో రైబోసోమల్ ఆర్‌ఎన్ఏ జన్యువును పోల్చి చూసినవాళ్ళు అన్నారు. కుబుసం విడిచే రొయ్య, ఈగ, సాలీడు, ఏలికపాము ఒక వంశం. వానపాము నత్తకు దగ్గర. అలాగే నక్షత్రచేప రొయ్యకన్నా మనకే దగ్గర. కాబట్టి లామార్క్ గీసిన వెన్నెముక గీత కూడా నేటి శాస్త్రంలో వంశరేఖ కాదు. అకశేరుకాలు అన్నది వాడుకమాటగా మిగిలింది. కానీ ఆయన విడదీసిన లోపలి గూళ్ళలో అనెలిడా, అరాక్నిడా ఈనాటికీ పుస్తకాల్లో ఉన్నాయి.

ఈ పారిస్ కథలో మన తీరానికి కూడా చోటుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉండి పాములనూ చేపలనూ పట్టించి బొమ్మలు గీయించాడు. ఒక్కోదాని పక్కన ఇక్కడివాళ్ళు చెప్పిన పేరు కూడా రాసుకున్నాడు. మన రక్తపింజర ఆయన పుస్తకంలో 'కాటుక రేకుల పొడ'. 1803లో లండన్‌లో వచ్చిన ఆయన గ్రంథంలో విశాఖ తీరపు చేపలు 200 ఉన్నాయి. కువియర్ మన తీరానికి ఎన్నడూ రాలేదు. కానీ తన చేపల పనికి రస్సెల్ పటాలను దగ్గర పెట్టుకున్నాడు. 1829లో పాములాంటి ఒక పొడవాటి చేపకు, రస్సెల్ రాసుకున్న స్థానిక నామం 'తలబోన్' అన్నదాన్నే జాతిపేరుగా ఉంచేశాడు. ఆ చేప నేటికీ శాస్త్రంలో కాంగ్రెసాక్స్ తలబోన్. పేరు చెప్పిన జాలరి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. ఉండాల్సింది.

లామార్క్ సంగతికి వద్దాం. 1818 ప్రాంతానికి ఆయన చూపు పూర్తిగా పోయింది. మహాగ్రంథం చివరి భాగాలను చెబుతుంటే కూతురు రాసింది. 1829 డిసెంబర్ 18న చనిపోయేనాటికి ఇంట్లో చిల్లిగవ్వ లేదు. మోంపార్నాస్ శ్మశానంలో కొన్నేళ్ళ అద్దెకు తీసుకున్న గోతిలో పూడ్చారు. గడువు తీరాక ఎముకలు ఎటుపోయాయో ఆచూకీ లేదు. అకాడమీ తరఫున నివాళి రాసే బాధ్యత కువియర్‌ది. అందులో లామార్క్ ఊహలను అతను ఎద్దేవా చేశాడు. అది నివాళి పేరుకు తగింది కాదు. కువియర్ 1832 మేలో పోయాడు, ఆ నివాళిని అదే ఏడాది నవంబర్‌లో మరొకరు చదివారు. లామార్క్ ఒక్కడు మోసిన ఆచార్య పదవిని 1830లో రెండు చేసి, కీటకాలు, సాలీళ్ళు, పీతలను లాత్రేయ్‌కూ, నత్తలు, పురుగులను బ్లెన్‌విల్‌కూ ఇచ్చారు.

జిరాఫీ మెడ సాగిందని చెప్పి తప్పులో కాలేసిన మనిషిగానే లామార్క్‌ను మన తరగతి గదులు గుర్తుంచుకున్నాయి. 1809 నాటి గ్రంథంలో జిరాఫీ ప్రస్తావన ఒక్క చిన్న పేరా. పురుగుల మీద ఆయన పని ముప్ఫై ఏళ్ళది. ఇంటర్‌లో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా మనవి ఒకటే. అనెలిడా పాఠం మొదలుపెట్టే రోజున, ఆ పేరు ఎవరు పెట్టారో పిల్లలకు చెప్పండి.